4558 తీసి 5532 వేసే ముందు

మా బాపు యాంప్లిఫైయర్‌కు కంపెనీ పేరు లేదు, మోడల్ నంబర్ లేదు. 2008లో మా అన్న హైదరాబాద్ కోఠిలో, గుజరాతీ గల్లీలో సామాను కొని అసెంబుల్ చేయించి హనుమకొండకు తెచ్చిన ఇనుప డబ్బా అది. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్, ఒక్కో చానల్‌కు సీ5200, ఏ1943 ట్రాన్సిస్టర్ల జతతో పవర్ బోర్డు, ముందు వాల్యూమ్, బాస్, ట్రెబుల్ నాబ్‌లున్న టోన్ బోర్డు. ఆ టోన్ బోర్డు మీద, పాట సిగ్నల్‌ను పెంచే రెండు 4558 ఐసీలు. మన దగ్గర ఇళ్లలో తిరిగే అసెంబుల్డ్ సెట్లలో చాలావాటికి ఇదే ఒంటి తీరు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్తే బాపు అన్నాడు: "వీణ ఆగినప్పుడల్లా వెనుక వాన పడుతున్నట్టు వినపడుతుంది బిడ్డా. నువ్వు కాలేజీలో పిల్లలకు ఇవే కదా నేర్పేది, జెర చూడరాదు."

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. చూశాను. చూసే క్రమంలో తప్పు చేశాను, దాన్ని దిద్దుకున్నాను, చివరికి ఆ వాన ఆగింది. ఇప్పుడు ఎవరైనా "4558 పీకేసి 5532 వెయ్, సౌండ్ మారిపోతుంది" అంటే నేను చెప్పే మాట వేరు. ఐసీ ఒక్కటే మార్చితే దాదాపు ఏమీ మారదు. మంచి ఐసీ వేస్తే దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లను మార్చే వీలు దొరుకుతుంది. అసలు లాభం అక్కడ ఉంది. ఎలాగో మొదటి నుంచి చెప్తాను.

ముందు మీ దగ్గరున్నది ఏ ఐసీనో చూడండి. ఎనిమిది కాళ్ల ఐసీ మీద 4558, టీఎల్ 072, ఎన్‌ఈ 5532, ఎల్‌ఎం 358 అని ఉంటే అవన్నీ డ్యుయల్ ఆప్‌ఆంప్‌లు, అంటే సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్లు లోపల రెండేసి ఉంటాయి. వీటన్నిటి కాళ్ల వరుస ఒక్కటే: 1, 7 అవుట్‌పుట్లు, 2, 6 మైనస్ ఇన్‌పుట్లు, 3, 5 ప్లస్ ఇన్‌పుట్లు, 4 మైనస్ సప్లై, 8 ప్లస్ సప్లై. ఒకదాని బదులు ఇంకొకటి కూర్చుంటుంది. 14 కాళ్లుంటే అది ఎల్‌ఎం 324, టీఎల్ 074 లాంటి నాలుగింటి ఐసీ. డిప్లొమాలో మనందరం ల్యాబ్‌లో వాడిన 741కు కూడా ఎనిమిది కాళ్లే, కానీ లోపల ఉండేది ఒక్కటే ఆప్‌ఆంప్, కాళ్ల వరుస పూర్తిగా వేరు. 1968లో ఫెయిర్‌చైల్డ్ వాళ్లు తెచ్చిన ఆ ఐసీ చదువుకోవడానికి ఇప్పటికీ మంచిదే కానీ దాని చోట డ్యుయల్ పెట్టకూడదు, డ్యుయల్ చోట దాన్ని పెట్టకూడదు. ఎన్‌ఈ 5534 కూడా సింగిల్. పైగా గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) 3 కంటే తక్కువైతే బయట కెపాసిటర్ లేకుండా అది నిలకడగా ఉండదు.

మీ బోర్డు మీద ఎల్‌ఎం 358 గానీ 324 గానీ ఉండి పాట వాటిగుండా వెళ్తుంటే, మార్చడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు. అవి పాటల కోసం చేసినవి కావు. వాటి అవుట్‌పుట్ స్టేజిలో ప్లస్ నుంచి మైనస్‌కు దాటే చోట చిన్న మెట్టు పడుతుంది. తక్కువ సౌండ్‌లో గొంతు గరగరలాడటానికి అదే కారణం. ఇక్కడ మాత్రం ఐసీ మార్పు చెవికి తెలుస్తుంది. సప్లై 10 వోల్టులకు పైన ఉంటే 358 చోట 5532, 324 చోట టీఎల్ 074 సరిపోతాయి. ఆ బోర్డు 5 వోల్టుల మీద నడిచేదైతే 5532 పనికిరాదు.

సప్లై కొలవకుండా ఐసీ ముట్టకండి

నేను చేసిన తప్పు ఇక్కడే. ల్యాబ్ నుంచి రెండు 5532లు తెచ్చి, 4558లు తీసి, ఐసీ బేసులు (సాకెట్లు) పెట్టి గుచ్చాను. పాట పెట్టాను. వీణ బాగానే ఉంది. డోలు దెబ్బ పడగానే స్పీకర్ చిరిగినట్టు మోత. బాపు ఏమీ అనలేదు కానీ లేచి వచ్చి వాల్యూమ్ తగ్గించాడు.

మల్టీమీటర్ పెట్టి చూస్తే ఐసీ 8వ కాలు దగ్గర 12 వోల్టులు ఉండాల్సింది, 6 పైచిలుకు ఉంది. లెక్క వేస్తే విషయం తెలిసింది. ఈ బోర్డులకు విడిగా సప్లై ఇవ్వరు. పవర్ బోర్డు మీది ±35 వోల్టులనే ఒక్కో వైపు 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా తెచ్చి, 12 వోల్టుల జీనర్ డయోడ్‌తో ఆపుతారు. ఆ రెసిస్టర్ ఇవ్వగలిగే కరెంటు 35లోంచి 12 తీసేసి 2.2తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 10.5 మిల్లీయాంప్స్. రెండు 4558లు కలిసి ఆరేడు మిల్లీయాంప్స్ తాగుతాయి, మిగిలింది జీనర్‌కు పోతుంది. ఒక్క 5532 మామూలుగా తీసుకునేదే 8 మిల్లీయాంప్స్. రెండింటికి 16 కావాలి. ఉన్నది 10.5. వోల్టేజి కూలిపోయింది, బాస్ పెంచినప్పుడు సిగ్నల్ తల తెగిపోయింది.

అందుకే ముందు మీ బోర్డులో ఈ మూడూ రాసుకోండి: మెయిన్ రైల్ (పవర్ బోర్డు వోల్టేజి) ఎంత, డ్రాపింగ్ రెసిస్టర్ (దాన్ని దించే ఆ 2.2 కిలో ఓమ్ లాంటిది) ఎంత, జీనర్ ఎంత. నేను 2.2 కిలో ఓమ్ తీసి 1 కిలో ఓమ్ వేశాను. ఇప్పుడు 23 మిల్లీయాంప్స్ వస్తుంది, 16 ఐసీలకు, 7 జీనర్‌కు. రెసిస్టర్ మీద వేడి 0.53 వాట్. కాబట్టి పావు వాట్‌ది వేస్తే కాలిపోతుంది, 2 వాట్‌లది వేసి, బోర్డుకు అరంగుళం ఎత్తున నిలబెట్టాలి. జీనర్ 1 వాట్‌ది, 1ఎన్ 4742. "జీనర్ ఎందుకు, 7812, 7912 రెగ్యులేటర్లు పెట్టేయొచ్చు కదా" అనిపిస్తుంది. వాటికి ఇన్‌పుట్ హద్దే 35 వోల్టులు. మన ఇళ్లలో కరెంటు రాత్రిపూట 240 దాటితే ఆ 35 కాస్తా 37 అవుతుంది. నేరుగా పెట్టకండి.

భద్రత గురించి ఒక్క మాట, దయచేసి దాటవేయకండి. ప్లగ్ పీకేయడంతో పని అయిపోదు. పెద్ద కెపాసిటర్లలో 35 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. 100 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైర్లు తొడిగి, ఒక్కో కెపాసిటర్ కాళ్ల మధ్య కొన్ని సెకన్లు పట్టుకోండి, తర్వాత మీటర్‌తో సున్నా అయిందో లేదో చూడండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు ఉంటే మానేయండి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు, స్విచ్ దగ్గర ఇన్సులేషన్ టేపు ఊడి ఉంటే ముందు దాన్ని సరిచేయండి. మా డబ్బాలో ఊడే ఉంది.

ఏ ఐసీ ఎక్కడ

డేటాషీట్‌లో నాయిస్ అంకె తక్కువున్న ఐసీ మంచిది అనుకోవడం సహజం. 5532కు 5 నానోవోల్టులు, ఓపీఏ 2134కు 8, ఎల్‌ఎం 4562కు 2.7, టీఎల్ 072కు 18. (రూట్ హెర్ట్జ్‌కు అన్నమాట.) ఈ వరుసలో ఎల్‌ఎం 4562 రాజు. కానీ అది కూర్చునే చోటు చూడాలి.

50 కిలో ఓమ్ వాల్యూమ్ పాట్‌ను (నాబ్ వెనుక తిరిగే రెసిస్టర్‌ను) విద్యుత్ పరంగా సగంలో ఉంచితే, వెనుకున్న ఐసీకి కనిపించే రెసిస్టెన్స్ 12.5 కిలో ఓమ్. ఆ రెసిస్టెన్స్ ఒక్కటే, ఏ ఐసీ లేకపోయినా, 14 నానోవోల్టుల సవ్వడి చేస్తుంది. దానికి తోడు ప్రతి ఐసీ ఇన్‌పుట్‌కూ కరెంట్ నాయిస్ అని ఇంకోటి ఉంటుంది, అది ఈ రెసిస్టెన్స్‌తో గుణించుకుంటుంది. ఎల్‌ఎం 4562కు అది 1.6 పికోయాంప్స్. 12.5 కిలో ఓమ్‌తో గుణిస్తే 20 నానోవోల్టులు! 5532కు 0.7 పికోయాంప్స్, అంటే 9 నానోవోల్టుల లోపు. ఓపీఏ 2134 ఫెట్ ఇన్‌పుట్ ఐసీ, అంటే ఇన్‌పుట్‌లో కరెంటు దాదాపు లాగని ట్రాన్సిస్టర్లున్నది, దానికి ఇది లెక్కలోకి రాదు. మూడు రకాల సవ్వడినీ వర్గాలు కట్టి కలిపి, వర్గమూలం తీస్తే ఎల్‌ఎం 4562కు 25, 5532కు 17.6, ఓపీఏ 2134కు 16.5. అన్నిటికంటే మంచిదనుకున్న ఐసీ ఆ చోట 5532 కంటే 3 డెసిబెల్స్ ఎక్కువ సవ్వడి చేస్తుంది. ఈ లెక్క మా పిల్లలతో బోర్డు మీద వేయించినప్పుడు మొదట ఎవరూ నమ్మరు. తర్వాత కాలిక్యులేటర్లు తీస్తారు.

పాట్ వెనుక ఇంకో చిక్కు కూడా ఉంది. 5532 ఇన్‌పుట్ కాలు మామూలుగా 200 నానోయాంప్స్ కరెంటు లాగుతుంది. 100 కిలో ఓమ్ గుండా అది పోతే 20 మిల్లీవోల్టుల డీసీ పుడుతుంది. టీఎల్ 072 ఉన్నప్పుడు నిశ్శబ్దంగా తిరిగిన నాబ్, 5532 పెట్టగానే తిప్పినప్పుడల్లా బరబరమంటుంది. నాబ్ పాడైందని క్లీనర్ స్ప్రే కొడుతూ కూర్చుంటాం. అలాంటి చోట ఓపీఏ 2134 వేయండి, లేదా పాట్‌కూ ఐసీకీ మధ్య 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టి, ఐసీ కాలు నుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్ వేయండి.

నా సలహా సూటిగా: టోన్ బోర్డులకు 5532 చాలు. పాట్ నుంచి నేరుగా ఐసీకి వెళ్లే చోట, డబ్బులుంటే ఓపీఏ 2134. ఎల్‌ఎం 4562 ను చుట్టూ చిన్న రెసిస్టర్లున్న చోట మాత్రమే వాడండి. 5532 ఖర్చు మూడు నాలుగు చాయ్‌ల ఖర్చు, దాని గురించి ఆలోచించక్కర్లేదు.

నకిలీలను పట్టుకోవడం

ఓపీఏ 2134 మాత్రం ఆలోచించి కొనాలి. ఆన్‌లైన్‌లో ఒక దగ్గర ఐదు కలిపి ఒకదాని ధరకే ఇస్తుంటే తెప్పించాను. పైన బర్-బ్రౌన్ కంపెనీ గుర్తు, తేదీ కోడ్ అన్నీ ఉన్నాయి. దూదికి అసిటోన్ తడిపి రుద్దితే రాత చెరిగిపోయింది. ఐదూ 4558లే.

అసిటోన్ పరీక్షకు లొంగని నకిలీలు కూడా ఉంటాయి. అందుకని బ్రెడ్‌బోర్డు మీద ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను, ఐదు నిమిషాల పని. రెండు 9 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి మధ్య బిందువును గ్రౌండ్ అనుకోండి. 8కి ప్లస్, 4కి మైనస్. 1ని 2కు కలపండి, 7ను 6కు కలపండి. 5వ కాలు నేరుగా గ్రౌండ్‌కు. 3వ కాలు 1 మెగా ఓమ్ గుండా గ్రౌండ్‌కు. 8కీ 4కీ మధ్య 104 (0.1 మైక్రోఫారడ్) డిస్క్ కెపాసిటర్ ఒకటి. ఇప్పుడు రెండు కొలతలు తీయాలి: ప్లస్ బ్యాటరీ నుంచి ఎన్ని మిల్లీయాంప్స్ పోతున్నాయి, 1వ కాలు మీద డీసీ ఎంత.

అసలు 5532 అయితే 8 మిల్లీయాంప్స్‌కు అటూఇటూగా తీసుకుని, 1వ కాలు మీద మైనస్ 0.2 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. 4558 అయితే కరెంటు మూడు మిల్లీయాంప్స్ ప్రాంతంలో, 1వ కాలు మీద పదుల మిల్లీవోల్టులు, కానీ ప్లస్ వైపు. ఒకదాని ఇన్‌పుట్‌లో ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు, రెండోదాంట్లో పీఎన్‌పీ ఉండటం వల్ల గుర్తు తిరగబడుతుంది. పైన ఏం రాసినా లోపలి ట్రాన్సిస్టర్ అబద్ధం చెప్పదు. అసలు ఓపీఏ 2134 అయితే కరెంటు 8 మిల్లీయాంప్స్, డీసీ ఒకటి రెండు మిల్లీవోల్టులే. నాకు వచ్చినవి 2.9 మిల్లీయాంప్స్, ప్లస్ 38 మిల్లీవోల్టులు చూపించాయి. తర్వాత ఎలిమెంట్14లో రెండు తెప్పించాను, అవి డేటాషీట్ చెప్పినట్టే ఉన్నాయి. మౌజర్, డిజీ-కీ కూడా నమ్మకమైనవే. కోఠిలో కొనేటప్పుడు దుకాణం అతనే అడుగుతాడు, "ఒరిజినలా మేడం, లోకలా?" అని. ఆ ప్రశ్న అడిగే దుకాణాన్ని వదులుకోకండి.

తీయడం, బేస్ పెట్టడం

ఈ బోర్డులు సింగిల్ సైడ్, రాగి గీత సన్నగా ఉంటుంది. ఐసీని మొత్తంగా వేడిచేసి పీకాలని చూస్తే గీత లేచి వస్తుంది. పాత 4558 ఖరీదు ఎంత, బోర్డు ఖరీదు ఎంత అని ఆలోచించి, ఐసీని బలి ఇవ్వండి. సన్నని కట్టర్‌తో ఎనిమిది కాళ్లూ ఐసీ ఒంటి పక్కనే కత్తిరించండి. ఒళ్లు ఊడి వస్తుంది. తర్వాత ఒక్కో కాలును ట్వీజర్‌తో పట్టుకుని, కింద 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఆనించి, మెత్తబడగానే లాగండి. రంధ్రాల్లో మిగిలిన సీసాన్ని కాస్త ఫ్లక్స్ రాసి సక్కర్‌తో లాగేయండి. ఒక కాలు దగ్గర మూడు సెకన్ల కంటే ఐరన్ ఉంచకండి. రాకపోతే చల్లారనిచ్చి, కొత్త సీసం కొంచెం వేసి మళ్లీ ప్రయత్నించండి. పాత సీసం కంటే కొత్త సీసంతో కలిసినది సులువుగా వస్తుంది.

ఐసీ బేస్ గుండ్రటి పిన్నులది తీసుకోండి. బల్లపరుపు పిన్నులది నాలుగేళ్లకే పట్టు వదిలేస్తుంది, మన దగ్గర తేమకు నల్లబడుతుంది. బేస్ మీది గాడి, బోర్డు మీది గాడి గుర్తు ఒకే వైపు ఉండాలి. ఐసీని తిరగేసి పెడితే సప్లై తలకిందులై క్షణంలో పోతుంది. పెట్టే ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. నా కళ్లజోడు మీద కంటే ఆ ఫొటో మీదే నాకు నమ్మకం ఎక్కువ.

బోర్డు అడుగున బేస్ 4, 8 కాళ్ల మధ్య అతి దగ్గరగా ఒక 104 సెరామిక్ కెపాసిటర్ అతికించండి. 4558 నిదానమైన ఐసీ, అది లేకపోయినా సర్దుకుపోతుంది. 5532 హద్దు 10 మెగాహెర్ట్జ్, ఎల్‌ఎం 4562ది 55. సప్లై దగ్గరలో గట్టిగా లేకపోతే ఇవి చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఊగడం మొదలుపెడతాయి. పాట మసకగా ఉంటుంది, ఐసీ వేలు పెడితే కాలుతుంది, కారణం అంతుచిక్కదు. ఆసిలోస్కోప్ లేకపోతే డ్రాపింగ్ రెసిస్టర్ మీద వోల్టేజి కొలిచి, ఐసీ పీకినప్పుడూ పెట్టినప్పుడూ చూడండి. పెట్టినప్పుడు అది పెరిగితే జీనర్ పట్టు వదిలేసిందని, ఐసీ తాగాల్సిన దానికంటే ఎక్కువ తాగుతోందని అర్థం. అవుట్‌పుట్ నుంచి పొడవైన షీల్డ్ వైరు పవర్ బోర్డుకు వెళ్తుంటే, ఆ దారిలో 47 ఓమ్ రెసిస్టర్ ఒకటి పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు పెట్టండి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, యాంప్లిఫైయర్ లైవ్ వైరుకు వరసలో. ఒక్కసారి వెలిగి మసకబడితే మంచిది. వెలిగే ఉంటే వెంటనే ఆపేయండి. స్పీకర్లు తగిలించకముందే ఐసీ 8, 4 కాళ్ల మీద ±12, టోన్ బోర్డు అవుట్‌పుట్ మీద డీసీ 20 మిల్లీవోల్టుల లోపు, స్పీకర్ టెర్మినల్ మీద 50 లోపు ఉన్నాయో చూడండి. మీటర్ సూది జారి 7, 8 కాళ్లను కలిపేస్తే ఇంత కష్టమూ పోతుంది. అందుకని క్లిప్ తగిలించి, తర్వాతే స్విచ్ వేయండి.

వాన ఎక్కడ నుంచి పడుతోంది

సప్లై సరిచేసి, 5532లు వేశాక డోలు చక్కగా మోగింది. వాన మాత్రం అలాగే ఉంది.

నా చెవిని నేను నమ్మలేదు. ల్యాప్‌టాప్ లైన్ ఇన్‌లోకి అదే వీణ ముక్కను 4558తో ఒకసారి, 5532తో ఒకసారి రికార్డు చేశాను, నాబ్‌లు ముట్టకుండా. మా మేనల్లుడు ఫూబార్ 2000 అనే పాటల సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ పెట్టి, ఏది ఏదో నాకు చెప్పకుండా 16 సార్లు వినిపించాడు. "అత్తా, ఇది కొత్తదా పాతదా?" 16లో 9 సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా ఇంచుమించు అంతే వస్తుంది. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోతే తేడా నిజంగా వినపడుతోందని కొంత నమ్మకంగా అనొచ్చు, ఎందుకంటే ఊరికే ఊహిస్తే అన్ని సరిపోయే అవకాశం 4 శాతం కంటే తక్కువ. మీరూ ఈ పరీక్ష పెట్టుకోండి. చేతులు కాల్చుకుని చేసిన పని కాబట్టి బాగుందనే మనసుకు అనిపిస్తుంది, అది సహజం. పేరు దాచి వింటేనే చెవి మాట్లాడుతుంది.

అప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టాను. సవ్వడి అలాగే ఉంది. అంటే అది వాల్యూమ్ తర్వాతి ఐసీ నుంచి వస్తోంది. వాల్యూమ్ పెంచితేనే వస్తే ముందరి స్టేజి నుంచో, ఫోన్ నుంచో వస్తోందని అర్థం. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తగ్గుతుంది.

ఆ రెండో ఐసీ చుట్టూ ఫీడ్‌బ్యాక్‌లో (అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు తిరిగొచ్చే దారిలో) 100 కిలో ఓమ్, గ్రౌండ్ వైపు 10 కిలో ఓమ్ ఉన్నాయి. గెయిన్ 11. టేప్‌రికార్డర్ల కాలపు బలహీనమైన సిగ్నల్ కోసం వేసిన లెక్క అది. ఇప్పుడు బాపు పాటలు పెట్టేది టీవీ నుంచి, ఫోన్ నుంచి. వాటి సిగ్నల్ బోలెడంత. అందుకే వాల్యూమ్ నాబ్ పావు వంతు తిప్పేసరికే ఇల్లు అదిరేది. మీ ఇంట్లోనూ నాబ్ పావు వంతు దాటనివ్వడం లేదంటే మీ సెట్‌లో కూడా గెయిన్ అవసరానికి మించి ఉందని అనుకోవచ్చు.

ఇక అసలు లెక్క. 10 కిలో, 100 కిలో కలిసి ఆ ఐసీకి 9.1 కిలో ఓమ్‌లా కనిపిస్తాయి. ఆ రెసిస్టెన్స్ సవ్వడి 12 నానోవోల్టులు. 4558ది 8, 5532ది 5. కానీ 5532 కరెంట్ నాయిస్ ఆ 9.1 కిలో మీద ఇంకో 6 కలుపుతుంది. ఇందాకటి వర్గాల పద్ధతిలోనే కూడితే 4558కు 14.7, 5532కు 14.7. ఒకటే! నా చెవి 16లో 9 చెప్పడానికి కారణం కాగితం మీద కనిపించింది.

5532 ప్రత్యేకత ఇక్కడ పనికొస్తుంది. అది 600 ఓమ్ లోడ్‌ను కూడా తొణకకుండా నడపగలదు. 4558కు అంత బలం లేదు. కాబట్టి 100 కిలో తీసి 2.2 కిలో, 10 కిలో తీసి 1 కిలో వేశాను. గెయిన్ 11 నుంచి 3.2కు దిగింది. రెసిస్టర్ల సవ్వడి 12 నుంచి మూడున్నరకు దిగింది. అవుట్‌పుట్ దగ్గర లెక్క కడితే మొత్తం సుమారు 18 డెసిబెల్స్ తగ్గుదల. రెండు చానళ్లకు కలిపి నాలుగు రెసిస్టర్లు, 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి.

దీంతో పాటు తప్పనిసరిగా చేయాల్సింది ఇంకోటి ఉంది. గ్రౌండ్ వైపు రెసిస్టర్‌తో వరసలో 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. 10 కిలోతో దాని హద్దు 1.6 హెర్ట్జ్. 1 కిలోతో అది 16 హెర్ట్జ్‌కు ఎక్కి బాస్‌ను కొరుకుతుంది. దాన్ని తీసి 100 మైక్రోఫారడ్ వేయాలి. ఎలాగూ బోర్డు విప్పారు కాబట్టి మిగతా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కూడా మార్చేయండి, పదిహేనేళ్లు వేడిలో ఉన్నవి ఎండిపోయి ఉంటాయి.

మేనల్లుడితో పరీక్ష పెట్టించాల్సిన అవసరం రాలేదు. బాపు వచ్చి కూర్చున్నాడు, తంబూర మొదలైంది, వీణ మీద మీటు పడి మెల్లగా ఆరిపోయింది. ఆ తీగ ఎక్కడిదాకా మోగుతుందో పదిహేనేళ్లలో మొదటిసారి విన్నాడు. "ఇది బందైందా?" అని పెట్టె వైపు చూశాడు. కాలేదు.

ఈ మధ్య వస్తున్న అరచేతంత క్లాస్ డీ (స్విచింగ్ పద్ధతిలో నడిచే) యాంప్లిఫైయర్ పెట్టెల గురించి చాలామంది అడుగుతున్నారు, టీపీఏ 3116, టీపీఏ 3255 చిప్‌లతో వచ్చేవి. కొన్నిటిలో 5532ను బేస్‌లోనే పెట్టి ఇస్తారు, మార్చుకోమని. అక్కడ ఉన్నది అప్పటికే 5532, కాబట్టి దాన్ని మించి ఖరీదైనది పెడితే తేడా వినడం ఇంకా కష్టం. ముందు 8, 4 కాళ్ల మధ్య ఎంతుందో కొలవండి. చాలావాటిలో ±12 ఉండదు, 12 వోల్టుల సింగిల్ సప్లై ఉంటుంది. పక్కనే స్విచింగ్ చిప్ ఉంటుంది కాబట్టి వేగం ఎక్కువున్న ఐసీ కంటే, రేడియో తరంగాలను అంతగా పట్టుకోని ఫెట్ ఇన్‌పుట్ ఐసీ అక్కడ నయం. ఫోన్ పక్కన పెట్టగానే గిరగిర శబ్దం వస్తున్న సెట్‌లో ఓపీఏ 2134 వేసి చూడటం మాత్రం తప్పకుండా పనికొచ్చే ప్రయత్నం.

డబ్బా మూసే ముందు మూత లోపలి వైపు ఒక కాగితం అతికించాను. తేదీ, డ్రాపింగ్ రెసిస్టర్లు 1 కిలో 2 వాట్, ఫీడ్‌బ్యాక్ 2.2 కిలో, 1 కిలో, 100 మైక్రోఫారడ్, ఐసీలు 5532 రెండు. కింద పెద్ద అక్షరాలతో: "4558 మళ్లీ వేయాలంటే పాత రెసిస్టర్లు కూడా వేయాలి." తీసిన రెసిస్టర్లను చిన్న పాలిథీన్ కవర్‌లో పెట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, పక్క గోడకు టేపు వేశాను. రేపు నేను ఊళ్లో లేనప్పుడు ఎవరు మూత విప్పినా వాళ్లకు దొరుకుతాయి.